మోయాబ్ బండల మీద రివియన్ ఆర్1టీ: రేంజ్ కన్నా బరువే పెద్ద లెక్క

ఎలక్ట్రిక్ ట్రక్కు అనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "కొండల్లో చార్జింగ్ అయిపోతే ఏం చేస్తారు?" మోయాబ్ వెళ్లొచ్చాక నా జవాబు ఇది: కొండల్లో అయిపోదు. అయిపోతే గియిపోతే ఫ్రీవే మీదే అయిపోతుంది. కొండల్లో కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

మాది 2022 మోడల్ రివియన్ ఆర్1టీ, ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు. చక్రానికో మోటరు చొప్పున నాలుగు, లార్జ్ ప్యాక్ బ్యాటరీ, 20 అంగుళాల ఆల్ టెర్రైన్ టైర్లు, అడుగున గట్టి షీల్డ్ ఉన్న బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఉండేది యూటాలోని లీహైలో. ఇక్కడ ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొన్నాక చాలా నెలలు ఈ బండి కాస్ట్‌కోకీ, పిల్లల సాకర్‌కీ తిరగడం తప్ప వేరే పని ఎరగదు. "835 హార్స్‌పవర్ పెట్టుకుని పాల క్యాన్లు మోస్తున్నావేంటక్కా" అని మా తమ్ముడు ఎత్తిపొడుస్తుండేవాడు. వాడిది జీప్ రాంగ్లర్. యూటా స్కూళ్లకి అక్టోబర్‌లో యూఈఏ బ్రేక్ వస్తుంది కదా, ఆ సెలవుల్లో వాడి జీపు ముందు, మా ట్రక్కు వెనక, రెండు కుటుంబాలూ మోయాబ్ బయల్దేరాం.

తెలియనివాళ్లకి: మోయాబ్ యూటా ఆగ్నేయ మూలలో, కొలరాడో నది పక్కన ఉన్న చిన్న ఊరు. ఆర్చెస్ పార్కు కూతవేటు దూరం, కాన్యన్‌ల్యాండ్స్ పార్కు కొంచెం అవతల. చుట్టూ ఎర్రటి ఇసుకరాతి బండలు. 1967 నుంచి ఈస్టర్‌కి ఇక్కడ జీపుల జాతర జరుగుతోంది. ఊళ్లో ఏ గ్యాస్ స్టేషన్‌లో చూసినా బురద కొట్టుకున్న రాంగ్లర్లే. అలాంటి చోట చప్పుడు లేకుండా వచ్చి ఆగిన ట్రక్కుని జనం కాస్త వింతగానే చూస్తారు.

ముందు ఫ్రీవే సంగతి. లీహై నుంచి మోయాబ్ రెండొందల మైళ్ల పైచిలుకు. ఈ మోడల్‌కి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్క ప్రకారం రేంజ్, అంటే ఒక చార్జింగ్‌తో పోయే దూరం, 314 మైళ్లు. అయితే అది 21 అంగుళాల రోడ్డు టైర్లతో వేసిన లెక్క. ఆల్ టెర్రైన్ టైర్లు వేసుకుంటే 10 నుంచి 15 శాతం తగ్గుతుందని కంపెనీయే చెప్పింది. దాని మీద స్పానిష్ ఫోర్క్ దాటాక హైవే 6 మీద సోల్జర్ సమ్మిట్ ఎక్కాలి, అది 7,477 అడుగులు. అది దిగి ప్రైస్ అనే ఊరు దాటాక ఎదురుగాలి. గ్రీన్ రివర్ దగ్గర ఐ-70 ఎక్కితే స్పీడ్ లిమిట్ 80. నలుగురు మనుషులు, టెంట్లు, కూలర్, నీళ్ల డబ్బాలు. ఇవన్నీ కలిస్తే స్క్రీన్ మీద మైళ్లు మనం నడిపే మైళ్ల కన్నా వేగంగా కరుగుతాయి. కిలోవాట్ అవర్‌కి రెండు మైళ్లు కూడా రాలేదు. ఇంటి దగ్గర నూరు శాతం నింపి బయల్దేరితే మోయాబ్ చేరగలం, కానీ చేరేసరికి దాదాపు అడుగంటుతుంది. అందుకే దారిలో ఒకసారి ఆగాం.

ఆగిన స్టేషన్ పేరు చెప్పను. వరుసగా నిలబడ్డ మెషీన్లలో ఒకదానికి తెర వెలగదు, ఇంకోటి కార్డు తీసుకోదు, పనిచేసే వాటి ముందు క్యూ. ఈ ట్రక్కు బ్యాటరీ 10 నుంచి 80 శాతం నిండటానికి మంచి ఫాస్ట్ చార్జర్ దగ్గర ముప్పావు గంట పడుతుంది. క్యూతో కలిపితే ఎంతసేపు అయ్యుంటుందో మీరే ఊహించుకోండి. ఆలోపు తమ్ముడు పెట్రోల్ కొట్టించుకుని, బర్గర్ తిని, ఒక కునుకు కూడా తీశాడు. 2024 నుంచి అడాప్టర్‌తో టెస్లా సూపర్‌చార్జర్లు చాలావరకు రివియన్లకీ పనిచేస్తున్నాయి. మీరు వెళ్లేటప్పుడు ఆ అడాప్టర్ బండిలో ఉందో లేదో ముందు చూసుకోండి. మిగతా సామాను మర్చిపోయినా మోయాబ్‌లో దొరుకుతుంది.

మొదటి ట్రెయిల్ ఫిన్స్ అండ్ థింగ్స్. ఊరి పక్కనే శాండ్ ఫ్లాట్స్‌లో ఉంటుంది. ఎక్కడానికి ముందు చేయాల్సిన పని టైర్లలో గాలి తగ్గించడం. ఈ బండికి రోడ్డు మీద 48 పీఎస్ఐ ఉండాలి. జీపు వాళ్లు అలవోకగా పదిహేనుకి దించేస్తారు. మూడు టన్నులు దాటిన మన బండి అంత దించితే రిమ్ము రాయికి తగులుతుంది. మేం 32 దగ్గర ఆపాం. బండలమీద అది చాలింది. సాయంత్రం మళ్లీ గాలి నింపడానికి ట్రక్కు వెనక తొట్టి గోడలోనే కంప్రెసర్ ఉంది. పైపు తగిలించి, ఎంత కావాలో నొక్కితే అక్కడికి రాగానే అదే ఆగుతుంది. ఒక్కో టైరుకి నాలుగైదు నిమిషాలు. తమ్ముడు తన చిన్న కంప్రెసర్ తీసి బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకుంటుంటే, "ఇలా తీసుకురారా" అని వాడి టైర్లూ మా పైపుతోనే నింపాం. ఆ రోజంతా వాడు కాస్త మాట తగ్గించాడు.

ఇక అసలు విషయం. మోటరు ఇంజిన్ లాగా తిరిగి తిరిగి బలం తెచ్చుకోదు. సున్నా నుంచే పూర్తి బలం ఉంటుంది. అందుకే ఈ బండికి లో రేంజ్ గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అంటూ ఏదీ లేదు, అవసరమూ పడలేదు. రాక్ క్రాల్ మోడ్ పెడితే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది. మోకాలి ఎత్తున్న ఒక బండ మెట్టు ముందు టైరు ఆనించి కాలు కొంచెం కొంచెం నొక్కుతూ పోయాను. కాసేపు ఏమీ జరగదు. తర్వాత రబ్బరు రాయిని పట్టుకుంటున్న గరగర, కింద నుంచి సన్నటి మోటరు కూత. బానెట్ నెమ్మదిగా లేస్తుంది, ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. టైరు పైకి చేరిందని కాలికే తెలుస్తుంది. ఆ క్షణంలో కాలు కాస్త సడలిస్తే చాలు, బండి అక్కడే నిలబడిపోతుంది. క్లచ్ లేదు, బ్రేకు కోసం వెతుక్కోవడం లేదు. కొత్తగా ఆఫ్‌రోడ్ నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా సులువైన బండి ఉంటుందని నేను అనుకోను. నేను ఇండియాలో మారుతి 800 మీద నేర్చుకున్న కాళ్లాటంతా ఇక్కడ ఒక్క పెడల్‌లో ఇమిడిపోయింది.

బానెట్ అవతల కనిపించనప్పుడు స్క్రీన్ మీద ముందు కెమెరా బొమ్మ పనికొస్తుంది. కానీ కెమెరా ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అందులో వాలు తక్కువగా కనిపిస్తుంది. బండి దిగి నడిచి చూడాల్సిందే, ఎదురుగా ఒక మనిషి నిలబడి చేత్తో దారి చూపించాల్సిందే. మా తమ్ముడు ఎదురుగా నిలబడి "అక్కా, కుడికి, కుడికి!" అంటాడు. ఎవరి కుడి? వాడిదా నాదా? అక్కడి జీపు వాళ్లు "డ్రైవర్ సైడ్", "ప్యాసింజర్ సైడ్" అంటారు. మేమూ వెంటనే దానికి మారిపోయాం. ఎలక్ట్రిక్ బండిలో ఇంకో సుఖం, ఇలా దారి చూపించే స్పాటర్ అరవక్కర్లేదు. ఇంజిన్ రొద లేదు కాబట్టి మామూలు గొంతుతో చెప్పినా వినిపిస్తుంది. దాని ఇబ్బందీ దానికుంది. మలుపు అవతల నడిచే వాళ్లకీ, సైకిళ్ల వాళ్లకీ మనం వస్తున్నట్టే తెలియదు. ప్రతి గుడ్డి మలుపు దగ్గరా చిన్నగా హారన్ కొట్టాను.

ఒక చోట ఐమూలగా గుంట దాటాల్సి వచ్చింది. ఎడమ వెనక చక్రం గాల్లో లేచింది. నాలుగు మోటర్లు ఉన్నాయి కదా అని ధీమాగా నొక్కితే ఆ చక్రం గిర్రున తిరిగింది, బండి కదల్లేదు. సగం క్షణం ఆగి, మిగతా మూడు చక్రాలూ లాక్కుని బయటపడింది. కారణం సులువే. జీపులో డిఫరెన్షియల్ లాక్ చేస్తే గాల్లో ఉన్న చక్రానికి పోయే బలం నేల మీద ఉన్న చక్రానికి మళ్లుతుంది. ఇక్కడ ఏ చక్రం మోటరు దానిదే, ఒకదాని బలం ఇంకోదానికి ఇవ్వడానికి మధ్యలో ఇరుసు లేదు. నేల మీద ఉన్న మూడూ తమ బలంతోనే లాగాలి. లాగుతాయి కూడా, బలం దండిగా ఉంది. అయితే ఆ సగం క్షణం తటపటాయింపు ఉంటుందని ముందే తెలిస్తే కంగారుపడి ఇంకా గట్టిగా నొక్కరు. కంకర రోడ్లకీ మంచుకీ అయితే రెండు మోటర్ల బండి (డ్యూయల్ మోటర్) చాలు, బండలెక్కే ఉద్దేశం ఉంటేనే నాలుగు మోటర్ల క్వాడ్‌కి డబ్బు పెట్టండి.

ఎత్తు గురించి బ్రోషర్‌లో 14.9 అంగుళాల క్లియరెన్స్ అని చూసి మురిసిపోతాం. అది ఎయిర్ సస్పెన్షన్‌ని పూర్తిగా పైకి లేపితే వచ్చేది. అంత లేపాక గాలి స్ప్రింగులకి ఇంక సాగే చోటు ఉండదు, బండి బిర్రబిగుసుకుపోతుంది. చిన్న రాయి ఎక్కినా నడుముకి తెలుస్తుంది. మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం మాక్స్‌లో పెట్టి, దాటాక ఒక మెట్టు కిందికి దించుకుంటే మెత్తగా పోతుంది. కొలతల్లో నిజంగా చూడాల్సింది పొడవు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దాదాపు 136 అంగుళాలు, నాలుగు తలుపుల రాంగ్లర్‌కి 118. బంపరు తగలకుండా ఎక్కగల ముందు వైపు కోణం 35 డిగ్రీల పైనే, జంకక్కర్లేదు. పొట్ట ఆనకుండా దాటగల నడుం దగ్గర కోణం 26 డిగ్రీలు మాత్రమే. బండ కొనమీద జీపు తేలిగ్గా దాటిన చోట మా బండి పొట్ట ఆనింది. కర్ మని చప్పుడు, వెనక సీట్లో మా ఆయన "అయిపోయింది బ్యాటరీ" అని కళ్లు మూసుకున్నారు. ఏమీ కాలేదు. కింద సైలెన్సర్, గేర్ బాక్సు లాంటివి వేలాడవు. అడుగంతా అట్ల పెనంలా చదునుగా ఉంటుంది, అలా జారి అవతలికి పోయింది. తర్వాత వంగి చూస్తే షీల్డ్ మీద గీత తప్ప ఏమీ లేదు. ఆ షీల్డ్ లేని బండి కొంటే మాత్రం ఈ పని చేయొద్దు.

పది మైళ్లు కూడా లేని ఆ ట్రెయిల్‌కి మాకు సగం రోజు పట్టింది. బ్యాటరీ ఆరేడు శాతం ఖర్చయింది, అందులో ఏసీ కూడా కలిసే ఉంది. ఫ్రీవే మీద పదిహేను మైళ్లకి అయ్యేంత. కదలకుండా నిలబడ్డప్పుడు మోటరు ఏమీ తాగదు కదా. పక్కన జీపు మాత్రం నిలబడ్డా తాగుతూనే ఉంది.

మర్నాడు షేఫర్ ట్రెయిల్. కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై పైనుంచి కొండ గోడని అంటిపెట్టుకుని మెలికలు తిరుగుతూ దాదాపు 1,500 అడుగులు కిందికి దిగుతుంది. ఒకప్పుడు పశువుల్ని తోలుకెళ్లిన దారి, 1950లలో యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు. వెడల్పు అన్నానని ఆశపడకండి, పక్కన గోడ లేదు. ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వడం దిగేవాళ్ల బాధ్యత. మా పక్క అద్దం అవతల కనిపించేది గాలే. అద్దాలు విప్పి ఉంటే ఈ బండి 87 అంగుళాల వెడల్పు, ఎదురు వచ్చేవాళ్లకి చోటివ్వడానికి అద్దాలు ముడుచుకోవాల్సి వచ్చింది. మాకు ముందు దిగుతున్న ఒక ఎస్‌యూవీ నుంచి కాలిన బ్రేకుల వాసన దారంతా వచ్చింది. మేం బ్రేకు మీద కాలు పెట్టిందే తక్కువ. కాలు తీస్తే మోటర్లే ఆపుతాయి, ఆపుతూ కరెంటు వెనక్కి పంపుతాయి.

ఈ "దిగేటప్పుడు చార్జ్ అవుతుంది" అనే మాటని మాత్రం అతిగా నమ్మకండి. లెక్క వేసి చూద్దాం. మనుషులూ సామానూ కలిపి మూడున్నర టన్నుల బండి 1,500 అడుగులు దిగితే దొరికే శక్తి మొత్తం నాలుగు కిలోవాట్ అవర్ల పైచిలుకు. దారి ఖర్చులు పోగా బ్యాటరీలోకి చేరేది మూడు అనుకుంటే, అది ఐదారు మైళ్ల ప్రయాణం. అదే దారిలో వెనక్కి ఎక్కితే ఆ నాలుగూ ఖర్చే, ఇంకొంచెం ఎక్కువే. అసలు లాభం చల్లగా ఉండిపోయిన బ్రేకులు. ఇంకో మాట, బ్యాటరీ నిండా ఉంటే ఆ కరెంటు పెట్టుకోవడానికి చోటు ఉండదు, మోటర్ల పట్టు తగ్గుతుంది. పైకి వెళ్లేముందు ఊళ్లో వంద శాతం నింపుకోవాలన్న ఆత్రం వద్దు. ఎనభై ఐదు చాలు.

కింద పొటాష్ రోడ్డు పట్టుకుని మోయాబ్‌కి తిరిగొచ్చాం. దారిలో ఎర్ర నేల మధ్య నీలిరంగు చెరువులు కనిపిస్తాయి, అవి పొటాష్ గనుల ఆవిరి మడులు. నీళ్లు తొందరగా ఆవిరవ్వాలని నీలి రంగు కలుపుతారట. పిల్లలు ఈత కొడతామన్నారు. ఆనియన్ క్రీక్ అనే ఇంకో ట్రెయిల్‌లో మాత్రం వాళ్ల కోరిక కాస్త తీరింది, దారి అదే వాగుని మళ్లీ మళ్లీ దాటుతుంది. ఈ బండి మూడు అడుగుల నీళ్లలో పోగలదు, అక్కడ ఉన్నది చీలమండ లోతే.

లోపల సౌకర్యాల్లో నాకు నచ్చనిది ఒక్కటే, అన్నీ తెరలోనే పెట్టడం. ఏసీ గాలి ఎటు కొట్టాలో కూడా తెర మీద వేలితో లాగాలి. రోడ్డు మీద పర్లేదు. బండల మీద ఊగుతున్నప్పుడు వేలు ఒకచోట పెడితే ఇంకోచోట తగులుతుంది. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో రెండూ లేవు. ట్రెయిళ్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి ట్రెయిల్ మ్యాపులు ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్‌ని విడిగా స్టాండుకి పెట్టుకోవాలి.

నచ్చినవాటిలో మొదటిది గేర్ టన్నెల్. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి సొరంగం లాంటి అర. టెంటు కర్రలూ తాళ్లూ గొడుగులూ అన్నీ అందులోకి పోయాయి. రెండోది తొట్టిలో ఉన్న 120 వోల్టుల ప్లగ్గు. 1,500 వాట్లు ఇస్తుంది. ఇన్‌స్టాంట్ పాట్‌కి 1,000 వాట్లు చాలు. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్తే పనిచేయదు. ట్రెయిల్ బయట పార్కింగ్‌లో టెయిల్‌గేట్ మీద కుక్కర్ పెట్టి అన్నం వండి, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర కలిపి పెడితే, పక్క జీపులో వాళ్లు గ్రనోలా బార్లు తింటూ మా వైపే చూశారు. ఒక గిన్నె ఇచ్చాం. ఘాటుకి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఖాళీ చేశారు. అన్నం వండటానికైన కరెంటుతో బండి ఒక మైలు కూడా పోదు.

ఆ సాయంత్రం ఫొటోలు చూసి నంద్యాల నుంచి నాన్న ఫోన్ చేశారు. "అంత ఖరీదు పెట్టి కొని రాళ్లెక్కించడం దేనికమ్మా, ఆ దేశంలో రోడ్లు లేవా?" దీనికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

హెల్స్ రివెంజ్ అనే ట్రెయిల్ జోలికి పోలేదు. దాని మొదట్లోనే రెండు పక్కలా జారే బండ అంచు మీద నుంచి పోవాలి. తమ్ముడు ఎక్కి వచ్చాడు, నేను కింద నిలబడి వీడియో తీశాను. నన్ను ఆపింది బండి బలం గురించిన అనుమానం కాదు, బరువు. ఖాళీ బండే 7,000 పౌండ్ల పైన. ఇరుక్కుంటే తమ్ముడి జీపు దీన్ని లాగలేదు, వాడి దగ్గరున్న తాడు ఈ బరువుకి సరిపోయేది కాదు. కంపెనీ నుంచి విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే మెషీన్) రాదు. చక్రాలు నేల మీద ఉంచి లాక్కుపోవడానికి వీల్లేదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి, ఆ బండల మీదికి ఫ్లాట్‌బెడ్ రాదు. మోయాబ్‌లో రికవరీ చేసేవాళ్లు ఉన్నారు, బిల్లు మాత్రం చిన్నది కాదు. ఇసుక వాగుల్లోనూ ఇదే బరువు కిందికి లాగుతుంది. బండల మీద 32 సరిపోయిన గాలి, ఇసుకలోకి రాగానే ఇంకొంచెం దించాల్సి వచ్చింది. దారి వదిలి పక్కకి తిప్పుకుందామా అంటే అదీ కుదరదు. అక్కడి నేల మీద నల్లటి పెచ్చులా కనిపించేది ప్రాణమున్న పొర, ఒక్కసారి టైరు ఎక్కితే మళ్లీ ఏర్పడటానికి ఏళ్లకేళ్లు పడుతుంది.

అందుకే స్టెప్నీ గురించి గట్టిగా చెబుతున్నా. ఈ బండికి ఫుల్ సైజ్ స్పేర్ టైరు అదనపు డబ్బు పెట్టి తీసుకోవాల్సిందే, దానంతట అది రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తొట్టి అడుగున మూత ఎత్తి చూడండి. మా బండిలో ఉంది, వాడే పని పడలేదు. 34 అంగుళాల టైరు కాబట్టి మోయాబ్ లాంటి ఊళ్లో కూడా అడగ్గానే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

వచ్చే వసంతంలో వైట్ రిమ్ వెళ్దామని తమ్ముడు అంటున్నాడు. దాదాపు 100 మైళ్ల మట్టి దారి, మధ్యలో కరెంటూ లేదు, పెట్రోలూ లేదు, ముందే పర్మిట్ తీసుకోవాలి. మోయాబ్‌లో నింపుకుని బయల్దేరితే మా బండికి చార్జింగ్ సరిపోతుంది. ఈసారి లెక్కలు వేసుకుంటున్నది వాడు, జెర్రీ క్యాన్లు (పెట్రోల్ డబ్బాలు) ఎన్ని కట్టుకోవాలా అని. నేను చూస్తున్నది 7,000 పౌండ్లు దాటిన బండిని లాగగల కైనెటిక్ తాడు (సాగే రికవరీ తాడు) కోసం. బండి బరువుకి రెండు మూడు రెట్లు తట్టుకునేది చూసుకోవాలి, ధర చూశాక మా ఆయన ఇంకా నోరు విప్పలేదు.